సీసం అక్షరాల్లో మా నెల్లూరు ఎంపీలు

1991 నుంచి 2009 దాకా నెల్లూరు పార్లమెంటు సీటులో గెలిచింది ఆడవాళ్ళే. కుడుముల పద్మశ్రీ, పనబాక లక్ష్మి, ఉక్కాల రాజేశ్వరమ్మ. ముగ్గురు మనుషులు, ఐదు ఎన్నికలు, మధ్యలో ఒక్కసారి కూడా మగ ఎంపీ లేడు. ముగ్గురూ దళిత స్త్రీలు. ఈ మాట నెల్లూరులోనే పుట్టి పెరిగిన మా ఇంటి పిల్లలకి చెబితే "నిజంగానా అత్తా?" అని అడుగుతారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు మరి.

మన ఊళ్ళో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఎన్నికల కబుర్లకి కొదవ ఉండదు. ఆనం వాళ్ళ సంగతి, నేదురుమల్లి వాళ్ళ సంగతి, మేకపాటి వాళ్ళ సంగతి, ఎవరు ఏ పార్టీ నుంచి ఏ పార్టీకి ఎప్పుడు పోయారో తారీఖులతో సహా చెప్పేవాళ్ళు ఉన్నారు. ఎంపీల దగ్గరికి వచ్చేసరికి ఆ జ్ఞాపకశక్తి ఆగిపోతుంది. 1962 నుంచి 2009 దాకా, నలభై ఏడేళ్ళ పాటు, నెల్లూరు లోక్‌సభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయి ఉండింది. ఆ కాలమంతా మన తరఫున ఢిల్లీకి వెళ్ళినవాళ్ళ పేర్లు వరసగా చెప్పగలిగిన మనిషి నాకు ఈ మధ్య ఒక్కరు కూడా కనపడలేదు. నాకు మాత్రం ఆ పేర్లు అక్షరం అక్షరం గుర్తున్నాయి. దానికి కారణం మా ప్రెస్సు.

చిన్నబజారులో మా నాన్నకి ఒక చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కి అచ్చు వేసే ట్రెడిల్ మిషను ఒకటి, గోడ వారగా సీసం అక్షరాల కేసులు, మూల ఒక కటింగ్ మిషను. పెళ్ళి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూలు పరీక్ష పేపర్లు, కర్మంతరాల కార్డులు, ఇవీ ఏడాది పొడుగునా పని. ఎన్నికలొస్తే మాత్రం ఇల్లూ ప్రెస్సూ ఒకటైపోయేది. రంగు రంగుల కాగితం రీములు మద్రాసు నుంచి లారీలో వచ్చేవి, మా వంటింట్లో కూడా పేర్చేవాళ్ళం. అమ్మ ఆ రీముల మధ్యలోనే అన్నం వార్చేది. పెద్ద రంగుల పోస్టర్లన్నీ శివకాశిలో వేయించుకునేవాళ్ళు, మా దగ్గరికి వచ్చేవి కరపత్రాలు, ఓటరు చీటీలు, "ఫలానా రోజు ఫలానా సెంటర్లో బహిరంగసభ" అనే నోటీసులు. సాయంత్రం ఇచ్చి తెల్లారేసరికి కావాలనేవాళ్ళు. రాత్రంతా ట్రెడిల్ చప్పుడు. ఆ చప్పుడు ఆగితేనే నాకు మెలకువ వచ్చేది.

అక్షరాలు పేర్చే మా కంపోజిటర్ని నేను తాత అని పిలిచేదాన్ని. పెన్నకి అవతల ఒక ఊరి దళితవాడ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. చదువు అయిదో క్లాసు దాకానే, అయినా తప్పు లేకుండా తెలుగు రాసేవాళ్ళలో అంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. లీడరు రాసిచ్చిన కాగితంలో వత్తు తప్పితే తనే దిద్ది పెట్టేవాడు. ఎన్నికల కరపత్రాల్లో పార్లమెంటు అభ్యర్థి పేరు మాత్రం ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. స్టిక్కు చేతిలో పట్టుకుని, ఒక్కో అక్షరం ఏరి, తనే పేర్చేవాడు. "ఎమ్మెల్లే ఎవరైనా గానీ అమ్మణ్ణీ, ఢిల్లీకి పొయ్యేది మాత్రం మావోడే గదా" అనేవాడు. నేను ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, వాడిన అక్షరాల్ని మళ్ళీ కేసుల్లో వేసే పని చేసేదాన్ని. అట్లా సీసం అక్షరాల్ని తలకిందులుగా చదవడం నేర్చుకున్నాను, మన జిల్లా రాజకీయం కూడా ఆ స్టూలు మీదే నేర్చుకున్నాను.

ముందు కథ నాన్న చెప్పింది. 1952లో మొదటి ఎన్నికలప్పుడు మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. నెల్లూరు నుంచి లోక్‌సభకి బెజవాడ రామచంద్రారెడ్డి గారు ఇండిపెండెంటుగా గెలిచారు. ఆయన మామూలు మనిషి కాదు, తెల్లవాళ్ళ కాలంలో మద్రాసు శాసనమండలికి అధ్యక్షుడుగా చేసినాయన. అప్పుడు ఓటు వేసే పద్ధతి వేరే. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది, మనకి ఇష్టమైన పెట్టెలో చీటీ వేసి రావడమే, ముద్ర గుద్దే పని లేదు. ఆ డిసెంబరులోనే పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో దీక్ష చేసి ప్రాణాలు వదిలారు, మరుసటేడు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1957లో కాంగ్రెస్ తరఫున రేబాల లక్ష్మీనరసారెడ్డి గారు గెలిచారు. రేబాల వారంటే తెలియంది ఎవరికి, మన టౌన్‌హాలే రేబాల వారి పేరు మీద ఉంది. బెజవాడ వారు, రేబాల వారు, వరిపొలాల జిల్లాలో పెద్ద కుటుంబాలు. పార్లమెంటుకి వెళ్ళేది అట్లాంటి ఇళ్ళ నుంచే అని జనం అనుకునే కాలం అది.

1962లో అది మారింది. సీటు రిజర్వు అయింది, కాంగ్రెస్ నుంచి బి.అంజనప్ప గారు గెలిచారు. 1967లో మళ్ళీ ఆయనే. ఎడ్ల జత గుర్తు. మా కంపోజిటర్ తాత మొదటి ఓటు ఆయనకే వేశాడట. ఆ ఓటు గురించి తాత చెప్పేటప్పుడు గొంతు మారేది. ఊళ్ళో పెద్దరైతు వాకిట్లోకి చెప్పులేసుకుని పోయే వీలు లేని రోజుల్లో, అదే పెద్దరైతు వచ్చి మా పల్లె మనిషికి ఓటేయమని అడిగాడు అని చెప్పేవాడు. రిజర్వుడు నియోజకవర్గంలో ఏ పార్టీ వాళ్ళైనా నిలబెట్టాల్సింది ఎస్సీ అభ్యర్థినే గదా. పార్టీలు నడిపేది పెద్ద కులాల వాళ్ళు, డబ్బు పెట్టేది వాళ్ళు, జీపులు వాళ్ళవి, కానీ పార్లమెంటు ఓటు కోసం వాళ్ళు చేతులు జోడించి తిరగాల్సింది ఒక దళితుడి కోసం. మూలాపేట వీధుల్లో దళిత అభ్యర్థికి హారతులు పట్టిన ఇళ్ళు నేను కళ్ళారా చూశాను. ఆ ఇళ్ళల్లో ఎన్నికల ముందూ తర్వాతా ఏం జరిగేదో నాకు తెలుసు, అయినా ఆ పూట హారతి పట్టారు. అది చిన్న సంగతి అని నేను అనుకోను.

తర్వాత దొడ్డవరపు కామాక్షయ్య గారు. 1971, 1977, 1980, మూడు ఎన్నికల్లోనూ ఆయనే గెలిచారు. మొదటి రెండు సార్లు ఆవుదూడ గుర్తు, 1980కి హస్తం వచ్చింది. 1977లో ఉత్తరదేశమంతా ఇందిరాగాంధీ ఓడిపోయింది గానీ మన రాష్ట్రంలో 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి, నంద్యాల్లో సంజీవరెడ్డి గారు ఒక్కరే జనతా నుంచి గెలిచారు. ఎమర్జెన్సీలో ఏది అచ్చు వేయాలన్నా భయంగానే ఉండేదని, ఎన్నికలు ప్రకటించాక ప్రెస్సుకి మళ్ళీ ప్రాణం వచ్చిందని నాన్న చెప్పేవాడు. కామాక్షయ్య గారి పేరు కంపోజ్ చేయడం కష్టం అనేవాడు తాత. దొడ్డవరపులో ఒక వత్తు, కామాక్షయ్యలో రెండు. పెద్ద సైజు అక్షరాలకి వత్తులు మా దగ్గర తక్కువ ఉండేవి, అందుకని ఒకే కాగితంలో ఆయన పేరు రెండుచోట్ల పెద్దగా వేయాలంటే పక్క ప్రెస్సు నుంచి అప్పు తెచ్చేవాళ్ళు. పోటీ ప్రెస్సులే, అయినా వత్తులు ఇచ్చి పుచ్చుకునేవాళ్ళు.

నెల్లూరు ఓటరుకి ఒక గుణం ఉంది. రాష్ట్రంలో ఎటు గాలి వీస్తే పార్లమెంటు ఓటు ఎక్కువసార్లు అటే పడింది. 1977, 1980 కాంగ్రెస్. 1984 డిసెంబరులో ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా రాజీవ్ గాంధీ వైపు ఊగితే మన రాష్ట్రం మాత్రం ఎన్టీఆర్ పక్క నిలబడి తెలుగుదేశానికి 30 సీట్లు ఇచ్చింది, అందులో నెల్లూరు ఒకటి. గెలిచింది పుచ్చలపల్లి పెంచలయ్య గారు. పెంచలయ్య అనే పేరు వింటే చాలు, మన జిల్లా మనిషి అని ఎవరికైనా తెలుస్తుంది, పెంచలకోన నరసింహస్వామి పేరు అది. ప్రెస్సులో మాత్రం ఆ పేరుతో ఇంకో తంటా. ఇంటిపేరులో ల, మళ్ళీ పేరులో ల. ఒక కరపత్రంలో నాలుగుచోట్ల ఆయన పేరు పెద్దక్షరాల్లో వస్తే కేసులో ల గడి ఖాళీ అయిపోయేది. తాత కింద సైజు ల తీసి సర్దేవాడు, నాన్న ఒప్పుకునేవాడు కాదు, ఇద్దరికీ అర్ధరాత్రి వాదన.

ఆ ఎన్నికల్లో పసుపు కాగితం ఎంత తెచ్చినా చాలలేదు. అంతకుముందు 1983 అసెంబ్లీ ఎన్నికల్లోనే మా వీధి మొత్తం పసుపు అయిపోయి ఉండింది, 1984కి ఆ రంగు కాగితం అంగళ్ళలో దొరక్క తెల్ల కాగితం మీదే పసుపు ఇంకు పట్టించి వేశాం. పసుపు మీద నల్ల అక్షరం బాగా కనపడుతుంది, పసుపు ఇంకుతో అక్షరం వేస్తే అసలు కనపడదు. ఈ సంగతి ఎంత చెప్పినా కొంతమంది కార్యకర్తలు వినేవాళ్ళు కాదు.

1989 నవంబరులో అసెంబ్లీకీ పార్లమెంటుకీ కలిపి ఎన్నికలు. ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గించిన తర్వాత వచ్చిన మొదటి ఎన్నికలు అవి, నా మొదటి ఓటు కూడా. ఈసారి పెంచలయ్య గారు కాంగ్రెస్ అభ్యర్థి. సైకిల్ గుర్తుతో గెలిచిన మనిషి హస్తం గుర్తు మీద మళ్ళీ గెలిచారు. ఆ ఏడు రాష్ట్రంలో 42కి 39 కాంగ్రెస్ గెలుచుకుంది, తెలుగుదేశానికి రెండే మిగిలాయి. పోలింగ్ బూతులో రెండు కాగితాలు ఇచ్చారు, పార్లమెంటుకి తెల్లది, అసెంబ్లీకి గులాబీ రంగుది. మడత ఎట్లా పెట్టాలో ఇంట్లో అందరికీ చెప్పి పంపింది నేనే. ముద్ర ఇంకు ఎదురు గడిలో అంటుకుంటే ఓటు చెల్లదని జనానికి పెద్ద టెన్షన్, అందుకని నిలువుగా మడవాలి, అడ్డంగా కాదు అని మా కరపత్రాల్లో కూడా బొమ్మ వేసి చూపించేవాళ్ళం.

రెండు ఎన్నికలు కలిసి వస్తే పార్లమెంటు అభ్యర్థి కరపత్రంలో కిందికి దిగిపోయేవాడు. దీన్ని నేను ప్రెస్సులోనే గమనించాను. విడిగా పార్లమెంటు ఎన్నికలే జరిగిన 1984 డిసెంబరులో పెంచలయ్య గారి పేరు కాగితం పైన పెద్ద చెక్క అక్షరాల్లో వేశాం. అదే 1989లో పైన ఎమ్మెల్యే అభ్యర్థి ఫోటో బ్లాకు, పెద్ద పేరు, కింద ఒక మూల "అలాగే పార్లమెంటుకు..." అని చిన్న అక్షరాలు. డబ్బు ఇచ్చేది ఎమ్మెల్యే అభ్యర్థి మనుషులు, వాళ్ళు ఎట్లా చెబితే అట్లా వేయాలి. కంపోజిటర్ తాత మాత్రం ఎన్ని పాయింట్ల అక్షరం వేయమని రాసిచ్చినా పార్లమెంటు పేరుకి దానికంటే ఒక సైజు పెద్దదే తీసేవాడు. ప్రూఫ్ చూసే నాన్నకి తెలుసు, ఏమీ అనేవాడు కాదు.

జనం నోట కూడా అదే తీరు. "అది రిజర్వుడు సీటు గదా" అని ఒక మాట అనేసి ఎమ్మెల్యే పోటీ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు. ఆ మాటలో ఒక తేలికతనం ఉండేది, చిన్నప్పటి నుంచీ నాకు అది గుచ్చుకునేది. టికెట్ ఎవరికి రావాలో జిల్లాలో పెద్ద నాయకులే తేలుస్తారని, గెలిచాక కూడా వాళ్ళ మాటే చెల్లుతుందని అందరూ అనుకునేవాళ్ళు. అందులో నిజం కొంత ఉండొచ్చు. కానీ ఓటు వేసింది మనమే గదా, సభలో నెల్లూరు అని పిలిస్తే లేచి నిలబడింది వాళ్ళే గదా. రోడ్డు పడకపోతే ఎమ్మెల్యేని అడిగే ఊరు, రైలు ఆగకపోతే ఎవరిని అడగాలో కూడా గుర్తు పెట్టుకోలేదు.

మన జిల్లా పెద్ద నాయకులు పార్లమెంటుకి పోవాలంటే బయటి జిల్లాలకి వెళ్ళాల్సి వచ్చింది, ఈ సంగతి ఇప్పటి వాళ్ళకి తెలియదు. ఇటు నెల్లూరు రిజర్వుడే, అటు తిరుపతీ రిజర్వుడే. వాకాడు నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు ముఖ్యమంత్రి చేసిన మనిషి, లోక్‌సభకి 1998లో బాపట్ల నుంచి, 1999లో నరసరావుపేట నుంచి, 2004లో విశాఖపట్నం నుంచి గెలిచారు. మేకపాటి రాజమోహన్‌రెడ్డి గారు 1989లో ఒంగోలు నుంచి, 2004లో నరసరావుపేట నుంచి. మాగుంట సుబ్బరామిరెడ్డి గారు నెల్లూరు మనిషే, 1991లో ఒంగోలు ఎంపీ అయ్యారు, 1995లో నక్సలైట్లు కాల్చి చంపారు, ఆ తర్వాత 1996లో ఆయన భార్య పార్వతమ్మ గారు ఒంగోలు నుంచే గెలిచారు. డబ్బూ పలుకుబడీ అన్నీ ఉన్నవాళ్ళు పక్క జిల్లాలకి పోయి పోటీ చేస్తుంటే సొంత జిల్లా సీటులో కామాక్షయ్య, పెంచలయ్య, పద్మశ్రీ, లక్ష్మి, రాజేశ్వరమ్మ లాంటి పేర్లు గెలిచాయి. రిజర్వేషన్ లేకపోతే ఈ పేర్లలో ఒక్కటైనా మా ట్రెడిల్ మీదికి వచ్చేదా? వచ్చేది కాదని నా నమ్మకం, 2009 తర్వాత జరిగింది చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. దాని దగ్గరికి వస్తాను.

1991 సంగతి చెప్పాలి ముందు. మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపేశారు. మద్రాసు మనకి ఎంత దూరం, తెల్లారేసరికి ట్రంకురోడ్డు అంతా మూగబోయింది, బస్సులు లేవు, అంగళ్ళు మూసేశారు. దేశంలో మిగిలిన విడతల ఎన్నికలు జూన్‌కి వాయిదా వేశారు. ఆ ఎన్నికల్లోనే నెల్లూరుకి మొదటిసారి ఆడమనిషి ఎంపీ అయ్యారు, కాంగ్రెస్ నుంచి కుడుముల పద్మశ్రీ గారు. మా అమ్మ అప్పటి దాకా నాన్న చెప్పిన గుర్తుకే ఓటు వేసేది. ఆ సారి ఎవరికి వేసిందో నాన్నకి చెప్పలేదు. అడిగితే "వేశాలే" అంది. నాకూ చెప్పలేదు, కానీ ముఖం చూస్తే తెలిసింది. ఆడ అభ్యర్థి ప్రచారానికి వస్తే మా సంతపేట వీధుల్లో ఆడవాళ్ళు పని వదిలి వాకిళ్ళలోకి వచ్చేవాళ్ళు, మగ లీడరు వచ్చినప్పుడు తలుపు సందులోంచి చూసే వాళ్ళే.

అదే కాలంలో మన జిల్లాలో ఇంకోటి జరిగింది. దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు, 1992లో అది ఊరూరా పాకింది, చీపుర్లూ కారంపొడీ పట్టుకుని సారా వేలంపాటకి అడ్డం పడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎంపీ ఆడమనిషి కావడానికీ దానికీ నేను ముడి పెట్టడం లేదు. కానీ ఆ రెండేళ్ళు నెల్లూరు జిల్లాలో ఆడపిల్లగా ఉండటం ఎట్లా ఉండేదో అప్పుడు ఇరవై ఏళ్ళ వయసున్న వాళ్ళని అడగండి. సారా వ్యతిరేక సభల నోటీసులు కూడా మా ప్రెస్సులోనే వేశాం. కొన్నిటికి నాన్న డబ్బు తీసుకోలేదు. తాత ఆ నోటీసుల్లో ఊళ్ళ పేర్లు కంపోజ్ చేస్తూ చేస్తూ మా పల్లె కూడా ఉంది చూడు అని చూపించాడు.

1996కి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ గారి కాలం. గోడల మీద రాతలు బంద్, మైకులకి టైము, ఖర్చుకి లెక్క, కరపత్రం మీద ప్రింటరు పేరు, అడ్రసు, వేయించిన వాళ్ళ పేరు తప్పనిసరి. ఆ రూలు అంతకుముందు నుంచీ ఉంది, పట్టించుకునేవాళ్ళు తక్కువ. శేషన్ వచ్చాక కాపీ కలెక్టరాఫీసులో ఇచ్చి రావడం నా పని అయింది. ఊరు శుభ్రంగా ఉందని అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను, ప్రెస్సుకి మాత్రం బేరం పడిపోయింది.

ఆ ఎన్నికల్లో పనబాక లక్ష్మి గారు మొదటిసారి గెలిచారు, 1998లో మళ్ళీ గెలిచారు. రెండేళ్ళకోసారి, ఏడాదికోసారి ఎన్నికలు వచ్చిన రోజులు అవి, ఢిల్లీలో ప్రభుత్వాలు నిలబడటం లేదు. 1999లో కార్గిల్ యుద్ధం అయ్యాక వచ్చిన ఎన్నికల్లో తెలుగుదేశం, బీజేపీ కలిసి రాష్ట్రాన్ని ఊడ్చేశాయి, కాంగ్రెస్‌కి 42లో ఐదే దక్కాయి. నెల్లూరులో తెలుగుదేశం అభ్యర్థి ఉక్కాల రాజేశ్వరమ్మ గారు గెలిచారు. 2004లో గాలి తిరిగింది, మళ్ళీ పనబాక లక్ష్మి గారు. ఈసారి మన్మోహన్ సింగ్ ప్రభుత్వంలో ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ సహాయమంత్రి కూడా అయ్యారు. రిజర్వుడు సీటు గదా అని తేలిగ్గా మాట్లాడిన వాళ్ళే ఆ రోజు టీవీలో ప్రమాణస్వీకారం చూస్తూ మన లక్ష్మమ్మ అన్నారు. 2004లో ఓటు కూడా మిషను మీద. తెల్ల కాగితం లేదు, గులాబీ కాగితం లేదు, మడతల గొడవ లేదు.

అప్పటికి మా ప్రెస్సు పని అయిపోయింది. డీటీపీ వచ్చి కంప్యూటరులో ఒక్కడే కూర్చుని పది మంది పని చేసేస్తున్నాడు, ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చాయి, ఆ తర్వాత ఫ్లెక్సీలు. నాన్న సీసం అక్షరాలన్నీ కిలోల లెక్కన తూకం వేసి అమ్మేశాడు. తాత అప్పటికే మంచంలో ఉన్నాడు, చూడటానికి వెళ్తే ఆయన అడిగింది ఒకటే, లక్ష్మమ్మకి మంత్రి పదవి నిజమేనా అని. నిజమే తాతా అన్నాను. ఆ ఏడే పోయాడు.

2008లో నియోజకవర్గాల పునర్విభజన వచ్చింది, 2009 ఎన్నికలు కొత్త హద్దులతో జరిగాయి. అసెంబ్లీలో నెల్లూరు అనే ఒక్క సీటు పోయి నెల్లూరు సిటీ, నెల్లూరు రూరల్ అని రెండయ్యాయి. అల్లూరు, రాపూరు నియోజకవర్గాలు మొత్తానికే లేకుండా పోయాయి. పార్లమెంటు సీటు జనరల్ అయింది. ప్రకాశం జిల్లా కందుకూరు వచ్చి నెల్లూరు పార్లమెంటులో కలిసింది, ఊరి పక్కనున్న వెంకటాచలం, కృష్ణపట్నం పోర్టు ఉన్న ముత్తుకూరు, అంటే సర్వేపల్లి నియోజకవర్గం మాత్రం తిరుపతి పార్లమెంటులో పడింది. నెల్లూరు బజారుకి రోజూ వచ్చి పోయే మనుషులు తిరుపతి ఎంపీకి ఓటు వేస్తున్నారు. కందుకూరు తర్వాత 2022లో కొత్త జిల్లాలప్పుడు నెల్లూరు జిల్లాలోకి కూడా వచ్చింది, గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి. ఆ రోజు గూడూరు వాళ్ళు ఎంత బాధపడ్డారో మా చుట్టాల ఇళ్ళల్లో చూశాను.

సీటు జనరల్ అయ్యాక ఎవరు వచ్చారు? 2009లో మేకపాటి రాజమోహన్‌రెడ్డి గారు కాంగ్రెస్ నుంచి గెలిచారు. జగన్ కొత్త పార్టీ పెట్టాక రాజీనామా చేసి 2012 ఉపఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున రెండున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. అదే మనిషి, అదే పార్టీ, 2014లో ఆదాల ప్రభాకర్‌రెడ్డి గారి మీద దాదాపు 13 వేల తేడాతో బయటపడ్డారు. 2019లో ఆ ఆదాల గారే వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ఎంపీ. 2024లో వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి గారు తెలుగుదేశం నుంచి. వీళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ సీటు తెరుచుకున్న రోజు నుంచి ఒక్క దళితుడు గెలవలేదు, ఒక్క ఆడమనిషి గెలవలేదు. పద్దెనిమిదేళ్ళు వరసగా ఆడవాళ్ళు కూర్చున్న సీటు అది. జనరల్ అంటే అందరిదీ అని అర్థం గదా, మరి పార్టీల టికెట్లు చూస్తే అట్లా లేదు.

పనబాక లక్ష్మి గారు 2009లో కొత్తగా రిజర్వు అయిన బాపట్లకి వెళ్ళి అక్కడ గెలిచారు, మళ్ళీ కేంద్రంలో సహాయమంత్రి చేశారు. తర్వాత తెలుగుదేశంలోకి వచ్చి 2019లో తిరుపతి నుంచి, 2021 ఉపఎన్నికలో కూడా తిరుపతి నుంచే పోటీ చేసి ఓడిపోయారు. మూడుసార్లు గెలిచిన నెల్లూరు నుంచి మాత్రం మళ్ళీ పోటీ చేసే వీలు ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. జనరల్ సీటులో దళిత స్త్రీ నిలబడకూడదని చట్టం ఎక్కడా లేదు.

2023లో మహిళా రిజర్వేషన్ చట్టం చేశారు, మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి, జనాభా లెక్కలు, పునర్విభజన అయ్యాక అమలు. మళ్ళీ హద్దులు గీస్తారు, నెల్లూరు ఎటు పోతుందో అని అప్పుడే లెక్కలు వేసేవాళ్ళు మొదలయ్యారు. ఆ లెక్కల్లో మన పాత ఎంపీల పేర్లు కూడా తలుచుకోవాలని నా కోరిక. ఊళ్ళో ఎవరెవరి పేరు మీదో సెంటర్లు ఉన్నాయి, విగ్రహాలు ఉన్నాయి. రెండుసార్లు గెలిచిన అంజనప్ప గారి పేరు మీద, మూడుసార్లు గెలిచిన కామాక్షయ్య గారి పేరు మీద కార్పొరేషన్ వాళ్ళు ఒక వీధికైనా బోర్డు పెడితే చూడాలని ఉంది.

నా దగ్గర మా ప్రెస్సులో వేసినవి కొన్ని మిగిలాయి. 1989 కరపత్రం ఒకటి, మడతల దగ్గర చిరిగింది. 1991ది ఒకటి. 1996ది కింద మా ప్రెస్సు అడ్రసుతో సహా బాగానే ఉంది. అంతకుముందువి పెన్న వరదలప్పుడు అటక మీద నీళ్ళు కారి తడిసిపోయాయి. మీ ఇళ్ళల్లో, ముఖ్యంగా పాత ప్రెస్సులు నడిపిన కుటుంబాల్లో, 1962 నుంచి 1984 దాకా నెల్లూరు పార్లమెంటు అభ్యర్థుల కరపత్రమో, ఓటరు చీటీయో, పాత పెట్టెలో ఫోటో బ్లాకో ఉంటే పారేయకండి. ఫోటో తీసి పెట్టండి. అంజనప్ప గారిది ఏదైనా సరే, చిరిగినదైనా సరే, ముందు దానికోసం చూడండి.